మొదటి రోజు కాగితం

ఆ రోజుల్లో మా బొగ్గుబాయిల దిక్కు ఆడమనిషికి చదువు రాదంటే ఎవరూ వింతగా చూసేవాళ్లు కాదు. వేలిముద్ర వేసి, వేలికి అంటిన సిరా కొంగుకు తుడుచుకుని వచ్చేస్తే ఆ పూటకు పని అయిపోయేది. కాబట్టి చదువు రానందుకు నేనెప్పుడూ సిగ్గుపడలేదు. నా బతుకులో నేను తల ఎత్తుకోలేకపోయింది నాకు చదవడం వచ్చిన ఒకే ఒక్క రాత వల్ల. అది అక్షరం కూడా కాదు, గీత. ఆ గీతను పట్టుకుని కట్టుకున్నవాడి పరువు దవాఖానా వరండాలో ఆరేశాను. ఇన్నేళ్లూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు (తెలిసినవాళ్లకు చెప్పే అవసరం రాలేదు, తెలియనివాళ్లకు చెప్పబుద్ధి కాలేదు). ఇప్పుడు నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. మధ్యమధ్యలో కలం ఆపి నవ్వుతోంది. నవ్వనీ, అప్పుడు వరండా అంతా నవ్వింది, దీని ఒక్కదాని నవ్వుకు కొత్తగా పోయేదేముంది.

మా ఊరు ఇల్లందు నుంచి అడవి వైపు పోయే బస్సెక్కితే వస్తుంది. పెళ్లికి ముందు నేను బాయి పైన, బొగ్గులోంచి రాళ్లు ఏరే చోట పనిచేసేదాన్ని. అక్కడ జల్లెడ యంత్రం మోతలో పక్కమనిషికి మాట వినబడాలంటే గొంతు చించుకోవాలి. అలా మూడేళ్లు చించుకుంటే చిరిగిన గొంతు చిరిగినట్టే ఉండిపోయింది. ఇప్పటికీ నేను మెల్లగా మాట్లాడితే నాకు ఒంట్లో బాగాలేదని అనుకుంటారు. పెళ్లయ్యాక దవాఖానాలో ఆయా పని దొరికింది. అక్కడి సిస్టరమ్మ నా గొంతు విని, ‘నువ్వు పేషెంట్ల దగ్గర మాట్లాడకు, కుట్లు తెగుతాయి’ అని నన్ను బట్టలుతికే గదిలో పెట్టింది.

నన్ను ఆ గదిలోంచి బయటికి తెచ్చింది కుర్చీ డాక్టరు. ఆయన గుంటూరు వైపు మనిషి, వయసులో చిన్నవాడు, పెద్ద చదువు కోసం ఒక ఏడాది మా దగ్గర పరీక్షలు చేసుకోవడానికి వచ్చాడు. వస్తూ ఒక ఎత్తయిన ఇనుప కుర్చీ, రెండు పెట్టెల యంత్రాలు తెచ్చుకున్నాడు. బాయిలో కాళ్లు విరగ్గొట్టుకుని, ఎముక అతికాక కూడా కాలిలో బలం రాలేదని చెప్పేవాళ్ల తొడ కండ ఎంతవరకు పనిచేస్తోందో చూడడం ఆయన పని. ఒకరోజు నేను బట్టల గదిలోంచి నీళ్ల మనిషిని కేకేస్తే, ఆయన పరీక్ష గదిలోంచి పరుగెత్తుకొచ్చి, ‘ఆ అరిచింది ఎవరు?’ అన్నాడు. తప్పయింది సారూ అన్నాను. ‘తప్పు కాదమ్మా, నాకు కావలసింది అదే’ అన్నాడు. మనుషులు వాళ్లంతట వాళ్లు తన్నినప్పటి కంటే, పక్కన ఒకరు గట్టిగా అదిలిస్తుంటే ఎక్కువ బలం తీస్తారట. ఆయన గొంతు పుస్తకం చదువుతున్నట్టు ఉండేది. దానికి మా బాయి మనుషులు కదిలేవాళ్లు కాదు.

ఆ పరీక్ష ఎలా ఉండేదో చెప్పకపోతే నా తప్పు మీకు తెలియదు. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి నడుముకు, ఛాతీకి పటకాలు బిగించేవాడు, ఒళ్లు ఎగిరితే లెక్క తప్పుతుందని. చీలమండకు ఒక పట్టీ, ఆ పట్టీకి ఇనుప కడ్డీ. కాలు ముందుకు తన్నితే, ఎంత బలంతో తన్నాడో అంత ఎత్తుకు రెండో పెట్టెలో పెన్ను కాగితం మీద గీత గీసేది. తొడ మీద గొరిగి, తుడిచి, రెండు తడి బిళ్లలు పెట్టేవాడు. మళ్లీ పెట్టినప్పుడు అదే చోట పెట్టాలని చుట్టూ సిరాతో గుర్తు పెట్టేవాడు. ముందు ఊరికే ఉన్న కాలికి చిన్న కరెంటు, తర్వాత కొంచెం పెద్దది, ఇక పెంచినా కాలు అంతకంటే ఎగరదు అన్నంత వరకు. తర్వాత మనిషిని ఉన్న బలమంతా పెట్టి తన్నమనేవాడు. గీత కొండలా పైకి లేచి, కొండ మీద నిలబడుతుంది చూడండి, సరిగ్గా ఆ క్షణాన చెప్పాపెట్టకుండా కరెంటు కొట్టేవాడు. మనిషి నిజంగా ఉన్నదంతా పెట్టి ఉంటే కరెంటు కలిపేదేమీ ఉండదు, గీత అలాగే ఉంటుంది. కండలో ఇంకా మిగిలి ఉంటే కొండ మీద చిన్న బొడిపె లేస్తుంది. దానికి నేను మొటిమ అని పేరు పెట్టాను. డాక్టరు దానికి ఏదో ఇంగ్లీషు పేరు చెప్పేవాడు కానీ దవాఖానా అంతటా నిలిచింది నా పేరే.

మగవాళ్లు లుంగీ పైకి మడిచి కూర్చుంటారు కాబట్టి కుర్చీకీ నాకూ మధ్య ఒక దుప్పటి తెర కట్టారు. కాగితం పెట్టె మాత్రం నా వైపు ఉండేది. తెర వెనక నుంచి నేను, ‘తన్ను, తన్ను, ఇంకా తన్ను, ఆపకు’ అని అరవాలి. అందరికీ అవే మాటలు, అంతే గట్టిగా. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అరిస్తే కాలు కాదు, నా గొంతు కొలిచినట్టు అవుతుందని డాక్టరు మొదటి రోజే చెప్పాడు. ఒక తన్నుకూ ఇంకో తన్నుకూ మధ్య గడియారం ముల్లు రెండు చుట్లు తిరిగేదాకా ఆగాలి, అలసిన కాలు అబద్ధం చెబుతుంది. అన్నిటికంటే ముఖ్యం, కొత్తగా వచ్చిన మనిషి మొదటి రోజు కాగితాలు లెక్కలోకి తీసుకోకూడదు. ఆ రోజు కరెంటుకు భయపడి మనిషి తనకు తెలియకుండానే వెనక్కి లాక్కుంటాడు. మొదటి రోజు కుర్చీతో పరిచయానికే. ఆ కాగితాలు బుట్టలో వేయడం నా పని.

నాకు చదువు లేదు కదా, ఆ గీత చదవడం వచ్చేసరికి నేల మీద కాలు ఆనలేదు. తెర అవతల మనిషిని చూడకుండానే గీత చూసి చెప్పేదాన్ని. డాక్టరు కాగితాలు తీసుకుని లోపలికి పోగానే వరండాలోకి వచ్చి బెంచీల మీద ఉన్నవాళ్లకు వార్తలు చదివినట్టు చదివేదాన్ని. దున్నపోతును కొమ్ములు పట్టి ఆపిన పహిల్వాన్ మామకు ఇంత మొటిమ లేచిందని నేనే చెప్పాను. ఆయన కరెంటంటే వణికిపోతాడని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ‘చెల్లె, జర మెల్లగ చెప్పరాదు’ అన్నాడు పాపం. మెల్లగా చెప్పే గొంతు నాకెక్కడిది. దాంతో ఆ కుర్చీకి సత్తెం కుర్చీ అని పేరు పడింది. అందులో కూర్చుంటే నాటకాలు సాగవని, మొటిమ లేస్తే మనిషి దొంగేనని వాడలో అందరూ అనుకున్నారు. అలా అనుకోవడానికి కారణం నేనే. ఒకరోజు మా ఎదురింటి వదిన మా గుమ్మంలోకి వచ్చి గుసగుసగా అడిగింది.

“ఓ వదినె, మా ఆయనను గా కుర్చీల ఒక్కపారి కూసోబెట్టరాదు.”

“ఏమైంది, కాలు నొస్తున్నదా?”

“కాలుకేం రోగం, మంచిగనే ఉన్నది. ఆ మంచి కాలు ఆయితారం ఆయితారం ఇల్లందుల ఎవరింటికి పోతున్నదో అడగాలె.”

నవ్వి పంపించాల్సింది పోయి, నేను గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ‘సారు లేనప్పుడు చూద్దాం’ అన్నాను. ఈ మాట ఎలాగో డాక్టరు చెవిన పడింది. ఆయన నన్ను పిలిచి, ‘ఇది అబద్ధాలు పట్టే యంత్రం కాదమ్మా. కండ ఎంత కదిలిందో చెబుతుంది, ఎందుకు కదల్లేదో చెప్పదు. ఇంకెప్పుడూ కాగితాలు బయట చదవకండి’ అన్నాడు. సరే సారూ అన్నాను. ఆ సరే వారం కూడా నిలవలేదు.

ఇంటాయన బాయిలో, పట్టాల మీద నడిచే ఇనుప టబ్బుల్లో బొగ్గు నింపే పని చేసేవాడు. ఒక టబ్బు జారి మోకాలికి తగిలింది. కట్టు కట్టారు, విప్పారు, ఫోటో తీసి ఎముక అతికిందన్నారు. కానీ ఆయన కర్ర లేకుండా నడవలేకపోయేవాడు. ఆయన తక్కువ మాటల మనిషి. అడిగితే ఒకటే చెప్పేవాడు, “నా కాలు నా మాట ఇంటలేదే. నేను తన్నుమంటున్న, అది పోతలేదు.” దానికి నేను, “నా మాట మాత్రం నువ్వు ఇంటున్నవా, గట్లనే అనుకో” అనేదాన్ని. పెళ్లయి రెండేళ్లు. నీళ్లు నేనే మోయాలి, కట్టెలు నేనే తేవాలి, దవాఖానా పని నేనే చేయాలి. దానికి తోడు ఒకరోజు సాయంత్రం, గోడ అవతల కబడ్డీ ఆడుతుంటే ఈయన ఒంటికాలి మీద నిక్కి చూస్తూ నా కంటబడ్డాడు. అప్పటి నుంచి నాకు అనుమానం. (ఏ కాలి మీద నిక్కాడో నేను చూడలేదు. ఈ ముక్క తప్పకుండా రాయమని మనవరాలికి చెప్పాను.)

ఆయన పరీక్ష రోజు రానే వచ్చింది. ఆయన తెర అవతల, నేను ఇవతల. ఆయన మొహం నాకు కనబడదు, నాకు కనబడేదల్లా గీత. తన్ను తన్ను అని అందరికీ అరిచినట్టు అరిచి ఆగితే బాగుండేది. నా నోటికి ఆ రోజు ఎవరూ అడ్డం లేరు. “పొద్దుగాల తిన్న సద్దన్నం యాడికి పోయింది, తన్ను” అన్నాను. అవతల నుంచి డాక్టరు, ‘అమ్మా, మాటలు మార్చకండి’ అన్నాడు. గీత కొండలా కాదు, పొలం గట్టంత లేచింది. దాని మీద కరెంటు కొట్టగానే మొటిమ కాదు, ఏకంగా ఇంకో కొండ లేచింది. అంత పెద్దది నేనెప్పుడూ చూడలేదు. మొదటి రోజు కాగితం అది, బుట్టలో వేయాలి. నేను మడిచి రొండిన దోపుకున్నాను.

వరండాలో ఆ రోజు ఎనిమిది మంది ఉన్నారు. వాళ్లలో నడుం నొప్పికి మందు కోసం వచ్చిన, మా ఆయన చేత బాయిలో పని చేయించే సెక్షన్ ఓవర్‌మన్ కూడా ఉన్నాడు. “ఏందమ్మా, మావోడి కాలు ఏమంటున్నది?” అని అడిగాడు. నేను కాగితం విప్పి పట్టుకుని, అందరికీ వినబడేలా, “సగం కాలు దాచిపెట్టుకున్నడు సారు, చూడుండ్రి, ఇదంత దాసినదే” అన్నాను. బెంచీలన్నీ నవ్వాయి. తల తిప్పి చూస్తే ఆయన కర్ర మీద ఒరిగి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. కోపం కూడా రాలేదు ఆయనకు. “కాయితం మడిచి పెట్టు, సినుగుతది” అన్నాడు, అంతే. మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత వాడలో నడవాలంటే ఆయనకు ఒకటే పాట. పిల్లలు కూడా మొటిమ మామా అని పిలిచేవాళ్లు. ఓవర్‌మన్ పైవాళ్లకు చెప్పనే చెప్పాడు, పెళ్లామే చెప్పింది, ఇంకేం సాక్ష్యం కావాలని. శనివారం కబురు వచ్చింది, సోమవారం రెండో షిఫ్టుకు బాయిలో దిగాలని. మా బాయిలోకి ఏటవాలు దారిలో నడిచి దిగాలి. పక్కనే టబ్బుల పట్టాలు. ఆ దారిలో మోకాలు ఒక్కసారి మడత పడితే మనిషిని మళ్లీ నిలబెట్టడానికి ఏమీ మిగలదు. అది నాకు తెలియక కాదు. నాటకమాడేవాడి మోకాలు మడత పడదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

సోమవారం పొద్దున ఆయన మోకాలికి బట్ట చుట్టుకుంటుంటే చేతకాక, పట్టుకొమ్మన్నాడు. నేను ఎదురుగా కూర్చుని బట్ట చుడుతూ రెండు తొడలూ పక్కపక్కన చూశాను. ఇన్ని రోజులుగా తెర వెనక నుంచి ఊళ్లోవాళ్లందరి తొడల సంగతి చెప్పినదాన్ని, ఇంట్లో ఉన్నవి ఒక్కసారి కళ్లతో చూడలేదు. ఒకటి మనిషి తొడలా ఉంది. రెండోది పక్కింటి పసిపిల్లవాడిది తెచ్చి అతికించినట్టు ఉంది. నాటకమాడేవాడు కండ కరిగించుకోలేడు కదా. నా చేతులు ఆగిపోయాయి.

“పోకు” అన్నాను.

“పోకపోతే దొంగనైత. పోతే కుంటోన్నైత. ఏదైతె మంచిగుంటదో నువ్వే చెప్పు, కాయితం సదివేదానివి నువ్వే గదా.”

ఆయన ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అడిగాడు. ఆనాడు రొండిన దోపుకొచ్చిన కాగితాన్ని పెట్టెలోంచి తీశాను. ఆయన్ను రిక్షా ఎక్కించి దవాఖానాకు తీసుకుపోయాను. డాక్టరు ముందు కాగితం పెట్టి, ఏం చేశానో మొత్తం చెప్పాను. ఆయన కాగితం చూసి, ‘ఇది బుట్టలో వేయమన్నాను కదమ్మా’ అన్నాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. తిడితే బాగుండేది. మోకాలికి దెబ్బ తగిలి వాచినప్పుడు ఆ మోకాలే తొడ కండకు బ్రేకు వేసి పెడుతుందట. మనిషి తన్నాలనే అనుకుంటాడు, ఆ ఆజ్ఞ కండ దాకా పూర్తిగా చేరదు. కరెంటు నేరుగా కండకే తగులుతుంది కాబట్టి మిగిలింది ఎగురుతుంది. ‘ఇది దాచుకోవడం కాదు, అందకపోవడం. దీనికి మందు తిట్లు కాదు, కసరత్తు’ అన్నాడు. కాలు నా మాట వినడం లేదని ఇంటాయన మూడు నెలలుగా చెబుతున్నది అక్షరాలా అదే. చదువుకున్న మనిషి నోట వచ్చేదాకా నాకు వినబడలేదు.

తర్వాత డాక్టరు, ‘మీరొకసారి కూర్చోండి’ అన్నాడు. నన్ను. వద్దు సారూ అన్నాను. ‘ఇన్ని నెలలుగా అందరినీ తన్నమంటున్నారు, ఒకసారి మీరూ తన్నండి’ అన్నాడు. సిస్టరమ్మ వచ్చి తెర వేసి, నాకు పటకాలు బిగించి, బిళ్లలు పెట్టింది. అవతల కాగితం దగ్గర ఇంటాయనను నిలబెట్టారు. మొదటి చిన్న కరెంటుకే నా ప్రాణం కుర్చీలోంచి లేచి కిటికీలో కూర్చుంది. రాళ్ల మోతను మింగిన గొంతు నాది, అప్పుడు పిల్లికూన గొంతంత కూడా రాలేదు. తన్నమన్నారు. నేను నిజంగానే తన్నాను, దేవుడి మీద ఒట్టు, నాకున్నదంతా పెట్టే తన్నాను అనుకున్నాను. కరెంటు పడింది. నేను తెర వెనక నుంచి, “మొటిమ లేసిందా?” అని అడిగాను.

“లేసింది” అన్నాడు ఇంటాయన.

“ఎంత?”

ఆయన కాగితం మీద వేలు ఆనించి కొలిచాడు. “నాదానికి చెల్లెలంత.”

సిస్టరమ్మ నవ్వు ఆపుకోలేక బయటికి పోయింది. డాక్టరు, ‘ఇప్పుడు నేనేం రాయను? దెబ్బ లేదు, వాపు లేదు, మంచి కాలు. నాటకం అని రాయనా?’ అన్నాడు. నేను తెర అవతల ఉన్నందుకు ఆ దుప్పటికి దండం పెట్టుకున్నాను. కళ్లు తుడుచుకోవడం ఎవరూ చూడలేదు. ఇంకోసారి తన్నమని, ఈసారి మాటలు ఇంటాయనను చెప్పమన్నాడు. ఆయనకు అరవడం రాదు. “తన్ను. ఏం గాదు, తన్ను. నేనీడనే ఉన్న” అన్నాడు, పక్కన కూర్చుని మాట్లాడినట్టు. అవి లెక్కలో ఉండాల్సిన మాటలు కావు. అయినా డాక్టరు మాటలు మార్చకండి అనలేదు. రెండోసారి మొటిమ చిన్నదయింది.

డాక్టరు పైవాళ్లకు చీటీ రాశాడు, కాలు బలపడేదాకా బాయిలో దింపకూడదని. నేను ఆయన చెప్పకుండానే నా కాగితం తీసుకుని వరండాలోకి పోయాను. ఏ గొంతుతో మొగుణ్ని దొంగను చేశానో అదే గొంతుతో, “గిది నాది. మా ఆయన ఏం దాయలేదు, నాకు సదవరాలె. నాకు ఏ రోగం లేదు, భయానికే గింత లేసింది, చూడుండ్రి” అన్నాను. నడుం మందుకు మళ్లీ వచ్చిన ఓవర్‌మన్ గోడకేసి చూశాడు. పహిల్వాన్ మామ కాగితం అందుకుని, కళ్లజోడు సర్దుకుని, బాగా పరిశీలించి, “చెల్లె, నీది నాకంటె పెద్దగున్నది” అన్నాడు. బెంచీలు మళ్లీ నవ్వాయి. ఆ రోజు నుంచి మొటిమ పేరు మా ఆయనను వదిలి నాకు అంటుకుంది. రిటైరయ్యేదాకా నేను మొటిమ ఆయానే. ఎదురింటి వదిన మాత్రం చాలా నిరాశపడింది.

ఇంటాయన కాలు పూర్తిగా ముందటిలా కాలేదు. రోజూ కసరత్తు చేయిస్తే నెలనెలా గీత పెరిగింది, మొటిమ తగ్గింది, కానీ చివరి కాగితంలో కూడా ఆవగింజంత మిగిలే ఉంది. బాయి పైన పంపు దగ్గర పని ఇచ్చారు. నేను ఆయనతో ఆ రోజు గురించి మాట్లాడాలని చాలాసార్లు అనుకుని, నోరు తెరిచి, కూర బాగుందా అని అడిగి మూసేదాన్ని. ఇలా నాలుగేళ్లు. ఒక మధ్యాహ్నం పంపు దగ్గరికి సద్ది తీసుకుపోయినప్పుడు, ఆయన అన్నం కలుపుకుంటుంటే, ఇక ఆగలేక చెప్పాను, ఆనాడు వరండాలో అట్లా చేసినందుకు నాకు ఇప్పటికీ నిద్ర పట్టదని. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, నీళ్లు తాగి, అప్పుడు అన్నాడు.

“నువ్వే గదా చెప్తవ్, మొదటి రోజు కాయితం లెక్కల పట్టొద్దని. పెండ్లయి రెండేండ్లంటే మొదటి రోజే. ఉప్పు తక్కువైంది.”

ఆయన పోయి ఆరేళ్లయింది. ఉప్పు నేను ఇప్పటికీ తక్కువే వేస్తాను, అలవాటు. దుప్పటి తెర వెనక నిలబడి, ఎవరి మొహమూ చూడకుండా లోకాన్నంతా తన్ను తన్ను అని అదిలించిన ఆ పిల్లను తలుచుకుంటే సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి. ఆ వెంటనే ఎందుకో నవ్వు కూడా వస్తుంది. ఆ పిల్లకు గీత చదవడం వచ్చు, తన ఇంట్లో మనిషిని చదవడం మాత్రం రాలేదు. నేర్చుకోవడానికి ఆయన టైమిచ్చాడు. మనవరాలు ఇప్పుడే అడిగింది, ‘అమ్మమ్మా, కొట్టివేతలు చాలా అయ్యాయి, ఈ కాగితాలు పడేసి మళ్లీ శుభ్రంగా రాయనా’ అని. మొదటి రోజు కాగితమే కదా, పడేయమనే చెప్పాలి. కానీ ఎందుకో ఈ ఒక్కటీ ఉండనీ అన్నాను.